గ్లాసు ఎన్ని గ్రాములు? వంటింటి కొలతల్ని తూకంలోకి మార్చుకోవడం ఎలా

హైదరాబాద్‌లో మొదటిసారి నా చేత్తో ఆవకాయ పెట్టిన ఏడాది అమ్మ ఫోన్లో చెప్పిన లెక్క ఇది: "ముక్కలు ఆరు గ్లాసులు, ఆవపిండి గ్లాసు, కారం గ్లాసు, ఉప్పు ముప్పావు గ్లాసు. నూనె ముక్క మునిగేదాకా." ఇంతకంటే తేలికైన లెక్క ఉండదు. కానీ నాకు కొత్తగా కొన్న కాటా మీద మోజు. గ్లాసంటే పావు లీటరు, పావు లీటరంటే 250 గ్రాములు అనుకుని మొత్తం గ్రాముల్లోకి మార్చేశాను. ముక్కలు కిలోన్నర, ఆవపిండి 250, కారం 250, ఉప్పు 190.

మూడో రోజు తిరగకలిపి రుచి చూస్తే ఉప్పు కొంచెం తక్కువనిపించింది. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లున్నారు, మంచిదేలే అని సరిపెట్టుకున్నాను. మూడో వారానికి జాడీలో తెల్లగా బూజు పట్టింది. అంత ఆవకాయా పారబోయాల్సి వచ్చింది.

తప్పు అమ్మ కొలతలో లేదు. గ్లాసు కొలిచేది చోటుని, కాటా చూపించేది బరువుని. ఈ రెండు అంకెలూ ఒకటయ్యేది నీళ్ల విషయంలోనే. ఆవపిండి, కారం గుల్లగా ఉంటాయి కాబట్టి గ్లాసుడు తూస్తే గ్లాసుడు నీళ్ల బరువులో సగం కూడా ఉండవు. ముక్కల మధ్య సందులుంటాయి కాబట్టి అవీ సగానికి కాస్త పైనే తూగుతాయి. ఉప్పు మాత్రం నీళ్లకంటే బరువు. అందుకే నా తప్పుడు లెక్కలో మిగతా మూడూ ఒకదానికొకటి దాదాపు సరిపోయి, ఉప్పొక్కటీ పడాల్సిన దాంట్లో సగమే పడింది. పచ్చడిని నిలవ ఉంచేది ఆ ఉప్పే.

ఈ మార్పిడి తప్పు లేకుండా ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను. ఒక పూట పని. ఒక చిన్న కాటా, ఒక గ్లాసు, ఒక నోట్‌బుక్ చాలు. కాటా లేనివాళ్లకి కూడా దారి ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు గ్లాసు సంగతి తేల్చుకోండి

మీరు వాడే గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో తెలియకుండా ఏ పట్టికా పనికిరాదు. ఖాళీ గ్లాసు కాటా మీద పెట్టి, టేర్ అని రాసి ఉన్న బటన్ నొక్కి సున్నా చేయండి. ఇప్పుడు అంచు దాకా నీళ్లు పోయండి. కాటా మీద ఎన్ని గ్రాములు పడితే మీ గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. నీళ్లకి గ్రాము, మిల్లీలీటరు ఒకటే కాబట్టి ఇక్కడ వేరే లెక్కేమీ లేదు.

బూజు పట్టిన తర్వాత అమ్మ చేత ఇదే పని చేయించాను. ఎదురింటివాళ్ల కాటా తెప్పించి తూచింది. అమ్మ గ్లాసు 210. నేను ఊహించుకున్న 250 ఏనాడూ కాదు! స్టీలు గ్లాసుల్లో 180 ఉన్నవీ ఉంటాయి, 300 పట్టేవీ ఉంటాయి. కాబట్టి ఎవరైనా 'గ్లాసు' అంటే ముందు 'ఏ గ్లాసు?' అని అడగండి.

'కప్పు' అన్నా అంతే. అమెరికా వంటకాల్లో కప్పంటే సుమారు 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా వంటకాల్లో 250. మన దగ్గర దొరికే ప్లాస్టిక్ కప్పుల సెట్లలో రెండు రకాలూ ఉన్నాయి, కప్పు అడుగునో పిడి మీదో అంకె ఉంటుంది, చూడండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు వీటిలో ఏదీ కాదు. అది జపాన్ వాళ్ల పాత బియ్యపు కొలత, 180 మిల్లీలీటర్లు. చాలా కుక్కర్ల గిన్నె లోపలి గీతలు ఆ కప్పు లెక్కనే గీసి ఉంటాయి. అమెరికాలో ఉండే మనవాళ్లు ఆ కప్పు ఎక్కడో పారేసి, అక్కడి 240 కప్పుతో బియ్యం పోసి, గీతని బట్టి నీళ్లు పోసి, అన్నం పలుకైందని వాపోతుంటారు. కప్పు పోతే 180 మిల్లీలీటర్లు పట్టే ఏ గ్లాసైనా దానికి బదులు వాడుకోవచ్చు. తూకంలో అయితే ఆ కప్పు బియ్యం 145 నుంచి 150 గ్రాములు.

చెంచాల్లో టీస్పూన్ 5, టేబుల్‌స్పూన్ 15 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్‌స్పూన్ 20. మన ఇళ్లలో అన్నం తినే చెంచా, టీ కలిపే చెంచా ఈ లెక్కలకి లొంగవు. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న మూత ఉంటుంది కదా, దాని మీద 5, 10 అని గీతలుంటాయి. దాంతో నీళ్లు పోసి మీ చెంచా ఎంతో చూసుకోండి. మా ఇంట్లో అందరూ 'టీస్పూన్' అనుకునే చెంచా నిజానికి 4 కూడా పట్టలేదు.

కాటా నిజం చెబుతోందా?

కొత్త కాటా అయినా ఒకసారి పరీక్షించండి. దీనికి పది రూపాయల నాణేలు బాగా పనికొస్తాయి. రెండు రంగుల పది రూపాయల నాణెం 7.71 గ్రాములు. పది నాణేలు పేర్చి పెడితే 77 గ్రాములకి అటూ ఇటూగా చూపించాలి. 70 అనో 85 అనో అంటే ముందు బ్యాటరీ మార్చి చూడండి. కాటాని స్టవ్ పక్కన కదిలే బల్ల మీద కాకుండా గట్టి గట్టు మీద పెట్టండి. ఫ్యాన్ గాలికి కూడా అంకె ఊగుతుంది.

వంటింటి కాటాలు చాలావరకు 2, 3 గ్రాముల లోపు బరువుల్ని నమ్మకంగా చూపించవు. ఈస్ట్, వంట సోడా, ఇంగువ లాంటివి తూచాలంటే ఒక చెంచా కాదు, పది చెంచాలు వేసి తూచి పదితో భాగించండి. పని అయ్యాక తిరిగి డబ్బాలో పోసేసుకోవచ్చు.

నింపే తీరులోనే సగం తేడా

ఇది చాలామంది పట్టించుకోని విషయం కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఒకే మైదా డబ్బా, ఒకే 240 కప్పు తీసుకుని మూడు రకాలుగా నింపి చూడండి.

మొదట పిండిని జల్లించి, చెంచాతో కప్పులో మెల్లగా పోస్తూ, గుట్టగా అయ్యాక చాకు వీపుతో అంచుకి సమంగా తీసేయండి. 110, 115 గ్రాములుంటుంది. రెండోసారి జల్లించకుండా, డబ్బాలో పిండిని ఒకసారి కదిలించి చెంచాతో పోయండి. 120 నుంచి 125. మూడోసారి మనందరం మామూలుగా చేసేదే చేయండి, కప్పుని డబ్బాలోకి దూర్చి గోడకి అదిమి పైకి తీయండి. 140 దాటుతుంది, గట్టిగా అదిమితే 150. కప్పొక్కటే, మైదా ఒక్కటే, తేడా పాతిక నుంచి నలభై గ్రాములు. రెండు కప్పులు వేసే కేకులో అది 80 గ్రాముల దాకా పోతుంది. కేకు గట్టిగా, ఎండిపోయి రావడానికి ఓవెన్‌ని తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు ఆ కప్పు నింపిన చెయ్యే కారణం.

గోధుమపిండి, శనగపిండి, బియ్యప్పిండి, ఆవపిండి అన్నీ ఇంతే. మరలో అప్పుడే పట్టించి తెచ్చిన కారం పొంగి ఉంటుంది, నెల రోజులు డబ్బాలో కూర్చున్నాక దిగబడుతుంది. అదే గ్లాసుకి ఇప్పుడు ఎక్కువ తూగుతుంది. బియ్యం, పప్పులు, పంచదార, నూనెలతో ఈ గొడవ లేదు. వాటిని ఎలా నింపినా తేడా పెద్దగా రాదు. అందుకే పిండి ఉన్నచోట కాటా వాడండి, పప్పులూ ద్రవాలూ అయితే గ్లాసు చాలు. నా వంటింట్లో ఇదే పద్ధతి.

లెక్క ఎలా వేయాలి

ప్రతి సరుకుకీ ఒక అంకె ఉంటుంది: ఒక మిల్లీలీటరు చోటులో ఆ సరుకు ఎన్ని గ్రాములు పడుతుందో చెప్పే అంకె. మిల్లీలీటర్లని దాంతో గుణిస్తే గ్రాములు వస్తాయి. గ్రాముల్ని దాంతో భాగిస్తే మిల్లీలీటర్లు. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు. కింద ఇచ్చినవి అంచుకి సమంగా, అదమకుండా పోస్తే వచ్చే సుమారు అంకెలు.

నీళ్లు 1. పాలు 1.03.
నూనె, కరిగిన నెయ్యి 0.91.
తేనె 1.4.
పొడి ఉప్పు 1.2. దంచిన కల్లుప్పు 1.1.
పంచదార 0.85.
బియ్యం 0.8. కందిపప్పు, మినప్పప్పు 0.8 నుంచి 0.85.
బొంబాయి రవ్వ 0.7.
మైదా, గోధుమపిండి 0.5.
శనగపిండి జల్లించినది 0.42, జల్లించనిది 0.5కి దగ్గర.
కారం 0.48. ఆవపిండి 0.45.
పచ్చికొబ్బరి తురుము 0.35.

నూనె అంకె మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ప్యాకెట్ మీదే ఉంటుంది. లీటరు నూనె ప్యాకెట్ తిప్పి చూడండి, పక్కనే 910 గ్రాములు అని రాసి ఉంటుంది. ఒకప్పుడు కొన్ని ప్యాకెట్ల మీద లీటరు అని రాసి పక్కన చిన్న అక్షరాల్లో 60 డిగ్రీల దగ్గర అని కూడా రాసేవారు. నూనె వేడెక్కితే పొంగుతుంది కాబట్టి, ఆ వేడిలో లీటరుకి తక్కువ గ్రాములు పోస్తే సరిపోతుంది, అదీ కిటుకు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ డిగ్రీల మాట లేకుండా కొలత, దాని పక్కన తూకం రాయమని కంపెనీలకి చెప్పింది. అందుకని రెండు నూనె ప్యాకెట్లలో ఏది చవకో తేల్చుకోవాలంటే లీటరు అంకె కాదు, గ్రాముల అంకె చూడండి.

ఈ జాబితాలో బెల్లం లేదని గమనించారా? కావాలనే వదిలేశాను. అచ్చు బెల్లం పగలగొట్టి కప్పులో వేస్తే ముక్క ఎంత పెద్దదో దాన్ని బట్టి బరువు మారిపోతుంది. బెల్లాన్ని తూచుకోవడం తప్ప మార్గం లేదు.

ఇప్పుడు అమ్మ ఆవకాయ లెక్క సరిగ్గా వేద్దాం. గ్లాసు 210. ఆవపిండి 210ని 0.45తో గుణిస్తే 95 గ్రాములు. కారం 210ని 0.48తో గుణిస్తే 100. ఉప్పు ముప్పావు గ్లాసంటే 157 మిల్లీలీటర్లు, దంచిన కల్లుప్పు కాబట్టి 1.1తో గుణిస్తే 173. మామిడి ముక్కలకి ఏ పట్టికా ఉండదు, ముక్క కొట్టిన సైజుని బట్టి మారుతుంది. మేం ఒక గ్లాసు నింపి తూస్తే 115 వచ్చింది, ఆరు గ్లాసులకి 690 గ్రాములు.

అంటే 690 గ్రాముల ముక్కలకి 173 గ్రాముల ఉప్పు, కచ్చితంగా నాలుగో వంతు. నేను తీసుకున్న కిలోన్నర ముక్కలకి ఉప్పు 375 గ్రాములు, కారం 215, ఆవపిండి 205 పడాలి. నేను వేసిన ఉప్పు 190. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను, మా ఇంట్లో ఆవకాయకి అదే లెక్క.

ఇక్కడే ఇంకో మాట. వంటకంలో పొడి ఉప్పు అని ఉండి మీ దగ్గర కల్లుప్పు ఉంటే చెంచాకి చెంచా వేయకండి, గ్రాముకి గ్రాము వేయండి. కల్లు రాళ్ల మధ్య గాలి ఉంటుంది, అదే చెంచాకి తక్కువ ఉప్పు పడుతుంది. నిలవ పచ్చళ్లలో దీని వల్ల నష్టపోయినవాళ్లు నాలాగే చాలామంది ఉంటారు.

అమెరికా కేకు, మన మైసూర్‌పాక్

ఇంటర్నెట్‌లో దొరికిన అమెరికా కేకు వంటకం ఒకటి తీసుకుందాం. రెండు కప్పుల మైదా, ఒక కప్పు పంచదార, అర కప్పు నూనె, ఒక స్టిక్ వెన్న. కప్పు 240 కాబట్టి మైదా 240 నుంచి 250 గ్రాములు, పంచదార 200, నూనె 110. వెన్న దగ్గర జాగ్రత్త. అక్కడ స్టిక్ అంటే 113 గ్రాములు, అంటే అర కప్పు. మన దగ్గర 100 గ్రాముల వెన్న ప్యాకెట్ చూసి అదే స్టిక్ అనుకుంటాం. ఇంకో ప్యాకెట్ నుంచి 13 గ్రాములు కోసి కలపాలి.

ఆ వంటకాల్లో ఔన్సు అని ఉంటే అది రెండు రకాలు. బరువైతే 28 గ్రాములు, ద్రవమైతే సుమారు 30 మిల్లీలీటర్లు. పౌండు 454 గ్రాములు. ఇంతకంటే లోతుకి వెళ్లనక్కర్లేదు.

మైసూర్‌పాక్ వేరే కథ. కప్పు శనగపిండికి రెండు కప్పుల పంచదార, రెండు కప్పుల నెయ్యి అనేది అందరికీ నోటికొచ్చిన లెక్క. ఒకటికి రెండు, రెండు. అది కప్పుల లెక్క, గ్రాముల లెక్క కాదు. 240 కప్పుతో తూస్తే జల్లించిన శనగపిండి 100 గ్రాములు, పంచదార 400, నెయ్యి 435. అంటే తూకంలో ఒకటికి నాలుగు, నాలుగు పైన. ఎవరైనా 'ఒకటికి రెండు కదా' అని 250 గ్రాముల పిండికి 500, 500 వేస్తే పిండి రెట్టింపు పడ్డట్టే. నోట్లో కరగాల్సింది పంటికింద రాయవుతుంది. కొలత ఏ భాషలో చెప్పారో, గ్లాసు భాషా కాటా భాషా, ముందు అది తెలుసుకోండి.

ఏవి మార్చనక్కర్లేదు

కొన్నిటిని గ్రాముల్లోకి మార్చడం వృథా శ్రమ. అన్నానికి గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు అంటే ఏ గ్లాసైనా ఒకటే, రెండిటికీ అదే గ్లాసు వాడితే చాలు. మినప్పప్పూ బియ్యమూ కలిపి రుబ్బే దోసెల పిండికీ అంతే. పప్పూ బియ్యమూ గ్లాసుకి దాదాపు సమానంగా తూగుతాయి కాబట్టి ఒకటికి మూడు అన్నది గ్లాసుల్లో పోసినా, గ్రాముల్లో తూచినా పెద్దగా మారదు. ఇడ్లీ రవ్వ వాడేవాళ్లకి మాత్రం కొంచెం తేడా వస్తుంది, రవ్వ పప్పుకంటే తేలిక. అందుకే రవ్వ ఇడ్లీకి గ్లాసు లెక్కే ఉంచుకోండి.

అరిసెల దగ్గర ఇంకో రకం పొరపాటు జరుగుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అంటారు. ఆ కిలో నానబెట్టక ముందు బియ్యానిది. నానిన బియ్యం నీళ్లు పీల్చుకుని, వడకట్టాక కిలోంపావు పైగా తూగుతుంది. ఆ తడి బియ్యాన్ని మరపట్టించి, తడి పిండిని తూచి, దానికి తగ్గట్టు బెల్లం లెక్కేస్తే పాకం ఎక్కువై అరిసె నూనెలో విచ్చిపోతుంది. పొడి బియ్యం దగ్గరే ఒకసారి తూచి, ఆ అంకెనే చివరిదాకా పట్టుకోండి.

కాటా లేకపోతే

కాటా లేకపోయినా ప్రతి ఇంట్లోకీ తూచిన సరుకు వస్తూనే ఉంటుంది, ప్యాకెట్లలో. కిలో పంచదార కొత్త ప్యాకెట్ విప్పినప్పుడు తిన్నగా డబ్బాలో పోయకండి. మీ గ్లాసుతో కొలుస్తూ పోయండి. అయిదున్నర గ్లాసులొస్తే మీ గ్లాసుకి పంచదార సుమారు 180 గ్రాములు. కందిపప్పు కొన్న రోజున పప్పుకి, రవ్వ కొన్న రోజున రవ్వకి ఇదే చేయండి. నెల తిరిగేసరికి మీ ఇంటి పట్టిక మొత్తం తయారవుతుంది, రూపాయి ఖర్చు లేకుండా.

గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో తెలియాలంటే అర లీటరు పాల ప్యాకెట్ ఉంది కదా. అది ఎన్ని గ్లాసులయిందో లెక్కపెట్టి 500ని దాంతో భాగించండి.

ఇంట్లో గ్లాసులన్నీ కలిసిపోకుండా, కొలతకి వాడే గ్లాసు ఒకటి వేరుగా పెట్టుకోండి. దాని అడుగున మేకుతో గీతో, నెయిల్ పాలిష్ చుక్కో పెడితే ఎవరూ నీళ్లు తాగడానికి తీసుకెళ్లరు. అమ్మ తన 210 గ్లాసుకి దారం కట్టింది.

సోల, తవ్వ, వీశ

పాత డైరీల్లో, పెద్దవాళ్ల నోట్లో వంటకాలు గ్లాసుల్లో కూడా ఉండవు, సోలల్లో ఉంటాయి. ఇవి చోటు కొలతలు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. సోలెడు, తవ్వెడు, మానెడు అని విన్నారంటే అది తూకం కాదని వెంటనే తెలుసుకోవాలి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో కుంచం ఉండేది కాబట్టి పుస్తకంలో అంకె కంటే ఇంట్లో గిన్నె నయం. మా అమ్మమ్మ ఇత్తడి సోలని పైన చెప్పినట్టే నీళ్లతో తూచాను, 285 వచ్చింది. దాని నిండా బియ్యం పోస్తే 230 గ్రాములు. అంటే ఆవిడ తవ్వ బియ్యం 460, మానిక కిలోకి కాస్త తక్కువ. 'మానెడు బియ్యం పోస్తే ఇంటిల్లిపాదికీ సరిపోయేది' అన్నప్పుడు ఆ ఇంట్లో ఎంతమంది ఉండేవారో ఇప్పుడు ఊహించుకోగలుగుతున్నాను.

తూకాల పేర్లు వేరు. తులం 11.66 గ్రాములు. మూడు తులాలు ఒక పలం, అంటే 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశ, సుమారు కిలో 400. ఐదు పలాలది ఏబలం, 175 గ్రాములు. పది పలాలది పదలం, 350. 'వీశ చింతపండు, పదలం ఉప్పు' అని రాసి ఉంటే ఇక కంగారు పడనక్కర్లేదు.

సేరు దగ్గర మాత్రం ఆగండి. కోస్తాలో వాడిన పాత సేరు 24 తులాలు, 280 గ్రాములు. వేరే చోట్ల 80 తులాల సేరు కూడా ఉండేది, 933 గ్రాములు. రెండూ సేరే! వంటకం ఏ వైపుదో, మిగతా సరుకుల నిష్పత్తి ఏమిటో చూసి తేల్చుకోవాలి. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి కిలోలు అమలు మొదలయ్యాక ఈ గొడవ బజార్లో తగ్గింది కానీ, డైరీల్లో అలాగే ఉండిపోయింది.

చెంచా లెక్కలు, చిటికెలు

చిన్న కొలతలకి ఈ నాలుగు గుర్తుంటే వంట నడిచిపోతుంది. 5 మిల్లీలీటర్ల టీస్పూన్, అంచుకి సమంగా: పొడి ఉప్పు 6 గ్రాములు, పసుపు 3, కారం రెండున్నర, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3. ఉప్పుకీ కారానికీ మధ్య రెట్టింపు పైన తేడా చూశారా, చెంచా మాత్రం అదే.

చెంచాని గుట్టగా తీస్తే పిండి, పొడి సరుకులు రెట్టింపు దాకా వస్తాయి. మన పెద్దవాళ్ల 'చెంచా'లో ఎక్కువగా గుట్టే ఉంటుంది. అమ్మో అత్తయ్యో చెంచా అని చెబితే, "గుట్టగానా, సమంగానా?" అని అడగండి. విసుక్కున్నా ఫర్వాలేదు, చెబుతారు.

ఇక చిటికెడు, గుప్పెడు, నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం. వీటిని మార్చాలని నేను ప్రయత్నించలేదని చెప్పను. ఒక రోజు అమ్మ చారుకి చింతపండు తీస్తుంటే చేతిలోంచి లాక్కుని కాటా మీద పెట్టాను. 28 గ్రాములు. మర్నాడు మళ్లీ లాక్కున్నాను, 27. మూడోరోజు కాటా తీసేలోపే అమ్మ ఆ ఉండని నీళ్లలో పడేసి, "నీకేం కావాలో అడుగు, నా చింతపండు జోలికి రాకు" అంది.

28 అని రాసుకున్నాను.